రికార్డుకెక్కని శక్తి

మీ ప్రశ్నలో రెండు సంగతులున్నాయి. గిటారును మన వాద్యాలతో కలిపి వాయించిన శక్తి బృందం ఆల్బమ్‌లన్నీ ఎన్నో ఏళ్లుగా వింటున్నారనీ, 2024 డిసెంబరు 15న అందులోని తబలా విద్వాంసుడు ఉస్తాద్ జాకిర్ హుస్సేన్ కన్నుమూయడంతో ఆ బృందాన్ని ఎదురుగా చూసే అదృష్టం ఇక లేదని బాధపడుతున్నారనీ రాశారు. చూసినవాళ్లెవరైనా ఉంటే, రికార్డులో లేనిది అక్కడ ఏముందో చెప్పమన్నారు. రెండోది, మంచి హెడ్‌ఫోన్లలో ప్రతి దెబ్బా ఇంత స్పష్టంగా వినిపిస్తున్నప్పుడు శ్రమపడి, డబ్బు ఖర్చుపెట్టి కచేరీలకు వెళ్లడం అవసరమా అని అడిగారు. నేను శక్తి సంగీతాన్ని నలభై ఏళ్లకు పైగా వింటున్నాను. ఎదురుగా కూర్చుని విన్నది మాత్రం రెండే రెండు సార్లు: 2000 డిసెంబరులో ముంబైలో, మళ్లీ 2023 జనవరిలో బెంగళూరులో. ఆ రెండు సాయంత్రాల నుంచే మీకు జవాబు చెబుతాను, ఎందుకంటే మీ రెండు ప్రశ్నలకూ నా దగ్గరున్న సమాధానం ఒకటే. వాయించడం రికార్డులో వినబడుతుంది. ఒకరు వాయిస్తున్నప్పుడు మిగిలినవాళ్లు వినడం మాత్రం కచేరీలోనే కనబడుతుంది.

శక్తి నా చేతికి మొదట వచ్చింది 1980ల మొదట్లో, ఎవరో ఎల్పీ నుంచి ఎక్కించిన క్యాసెట్ రూపంలో. పైన పెన్సిలుతో బృందం పేరు తప్ప వాయించినవాళ్ల పేర్లు లేవు. మృదంగం, ఘటం, వయొలిన్ రేడియో కచేరీల పుణ్యమా అని చెవికి అలవాటైన వాద్యాలే కాబట్టి వాటిని గుర్తుపట్టాను గానీ, ముందుండి పరుగు తీస్తున్న తంత్రీవాద్యం వీణో గిటారో ఎంతకీ తేల్చుకోలేకపోయాను. స్వరం మీద స్వరం మెట్టు దిగినట్టు కాకుండా జారుతూ, ఊగుతూ వస్తోంది. అయినా వీణకుండే నాదం కాదు. అది జాన్ మెక్‌లాఫ్లిన్ గిటారని తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. ఆ రోజుల్లో ఆయన వాడిన గిటారుకు మెట్ల మధ్య చెక్కను పడవలా లోతుగా తొలిచారు. తీగను అడ్డంగా లాగడానికీ లోపలికి నొక్కడానికీ చోటు దొరికి, వీణ మీద పలికినట్టు గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ పలికించే తీరు, పలికేది. ప్రధానమైన ఆరు తీగలు కాక, శ్రుతి కోసం ఏడు తీగలు అడ్డంగా బిగించి ఉండేవి. చెవులదరగొట్టే ఎలక్ట్రిక్ సంగీతంతో మహావిష్ణు ఆర్కెస్ట్రా నడిపి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న మనిషి, దాన్ని పక్కన పెట్టి, అమెరికాలో వీణ నేర్చుకుని, మన లయవాద్యాల మధ్య బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడన్నది నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆ మొదటి ఆల్బమ్ కూడా కచేరీయే. 1975 జులై 5న న్యూయార్క్ రాష్ట్రంలోని సౌతాంప్టన్ కళాశాలలో వాయించింది 1976లో విడుదలైంది. మెక్‌లాఫ్లిన్‌కు అప్పటికి 33 ఏళ్లు, జాకిర్‌కు 24. ఎల్. శంకర్ వయొలిన్, టి.హెచ్. వినాయకరామ్ ఘటం, రామనాథపురం రాఘవన్ మృదంగం. 'జాయ్' అనే మొదటి అంశం 18 నిమిషాలు సాగుతుంది, చివర్లో శ్రోతల చప్పట్లు కూడా ఉన్నాయి. ఆ చప్పట్లు విన్నప్పుడల్లా నేను కచేరీ చూసేశాననే అనుకునేవాణ్ని. ఇరవై ఏళ్ల పాటు ఆ భ్రమలోనే ఉన్నాను. ఈలోగా బృందం 1976, 1977లలో మరో రెండు ఆల్బమ్‌లు చేసి విడిపోయింది. 1997లో 'రిమెంబర్ శక్తి' పేరుతో మళ్లీ కలిసి, తొలుత హరిప్రసాద్ చౌరాసియా వేణువుతో నడిచి, తర్వాత మన పాలకొల్లు బిడ్డ మాండలిన్ శ్రీనివాస్‌నూ, వినాయకరామ్ గారి కుమారుడు సెల్వగణేశ్‌నూ, గాయకుడు శంకర్ మహదేవన్‌నూ కలుపుకుంది.

ముంబైలో నాకు దొరికిన సీటు హాల్లో ఒక చివర, స్పీకరు పక్కన. అక్కడి నుంచి గిటారు పట్టుకున్న ఎడమచెయ్యి కనబడదు, మాండలిన్ మీద వేళ్లు కనబడవు. ఇన్నేళ్లు ఎదురుచూసి, ఇంత దూరం ప్రయాణం చేసి, చూడాలనుకున్న రెండు చేతులూ చూడలేకపోతున్నానని మొదటి పది నిమిషాలు నిజంగానే కుమిలిపోయాను. కానీ ఆ మూల నుంచి లయవాద్యకారులు పక్కవాటుగా, దగ్గరగా కనబడుతున్నారు. అక్కడ మొదలైంది నా కచేరీ.

జాకిర్ ఒక్కరే వాయిస్తున్న సమయమది. సభ మొత్తం ఆయన వేళ్లనే చూస్తోంది. నా కళ్లు సెల్వగణేశ్ చేతిలోని కంజీర మీద పడ్డాయి. కంజీర ఏడెనిమిది అంగుళాల చిన్న వాద్యం. చెక్క చట్రానికి ఒక పక్క, సంప్రదాయంగా ఉడుము చర్మం, బిగిస్తారు, చట్రంలో ఒక జత గుండ్రటి బిళ్లలు. ఎడమచెయ్యి పట్టుకుని చర్మాన్ని లోపలికి నొక్కి నాదం దించాలి, కుడిచెయ్యి ఒక్కటే వాయించాలి. చర్మం ఆరే కొద్దీ బిగిసి శ్రుతి పైకి పోతుంది కాబట్టి మధ్యమధ్య వెనక వైపు నీళ్లు చిలకరిస్తారు. ఆ అబ్బాయి, అప్పుడు అబ్బాయే, రెండు వేళ్లు నీళ్లలో ముంచి చర్మం లోపల రాసి, కంజీరను చెవి దగ్గరకు తెచ్చుకుని ఎవరికీ వినపడనంత మెల్లగా తట్టి చూసుకుంటున్నాడు. చేతులు ఆ పనిలో ఉన్నాయి. చూపు మాత్రం జాకిర్ భుజం మీద నుంచి తప్పలేదు, తల ఆ తాళంతోనే ఊగుతోంది. శ్రుతి చూసుకోవడం ఒకటి, తాళం పట్టుకోవడం ఒకటి, రాబోయే మలుపు కోసం కాచుకుని ఉండటం మరొకటి, మూడూ ఒకేసారి జరుగుతున్నాయి. ఆ నిమిషంలో రికార్డు వింటే కంజీర నిశ్శబ్దంగా ఉంది. నేను చూసిన దానిలో మాత్రం అంతకంటే ఎక్కువగా పనిచేస్తున్న వాద్యం ఆ వేదిక మీద లేదు.

ఇది అర్థం కావాలంటే ముక్తాయింపు, అంటే లయవిన్యాసాన్ని ముగించే తీరు, దాని లెక్క కొంచెం చెప్పాలి. మీకు తాళజ్ఞానం ఉంటే ఈ పేరా దాటేయవచ్చు. పదహారు మాత్రల ఆవర్తనం, అంటే పదహారు లెక్కలకు ఒక చుట్టు తిరిగే తాళం, అనుకోండి. 'త ది గి ణ తొం' అనే ఐదు మాత్రల సొల్లును (నోటితో చెప్పే దరువును) సమం నుంచి, అంటే ఆవర్తనపు మొదటి మాత్ర నుంచి, ఎత్తుకుని మూడుసార్లు చెప్పి, మధ్యలో రెండుచోట్ల ఒక్కొక్క మాత్ర ఖాళీ విడవండి. మొదటి 'తొం' ఐదో మాత్ర మీద, రెండోది పదకొండో మాత్ర మీద, మూడోది పదిహేడో మాత్ర మీద పడతాయి. పదిహేడో మాత్ర అంటే తర్వాతి ఆవర్తనపు సమమే. ఉత్తరాదిలో తిహాయి అనేదీ, మనవాళ్లు ముక్తాయింపుల్లో వాడేదీ ఈ సూత్రమే. ఇది చాలా చిన్న ఉదాహరణ. వాళ్లు వాయించేవి ఇలాంటివి ఒకదానిలో ఒకటి ఇమిడిపోయి అనేక ఆవర్తనాలు నడుస్తాయి. ఇప్పుడు పక్కన కూర్చున్న వాద్యకారుడి సంగతి ఆలోచించండి. మొదటి సొల్లు వినగానే దాని పొడవు తెలుస్తుంది. ఖాళీ ఎంతో విన్నాక, ఇది ఎక్కడ తేలుతుందో లెక్క తెలుస్తుంది. అంటే రెండోసారి సొల్లు మొదలయ్యే క్షణానికి, ముగింపు ఎక్కడో వేదిక మీద అందరికీ తెలిసిపోతుంది.

ఆ తెలిసిపోయే క్షణాన్ని నేను కళ్లారా చూశాను. జాకిర్ సొల్లు మొదటిసారి వాయించగానే శ్రీనివాస్ తల ఎత్తారు. రెండోసారికి మెక్‌లాఫ్లిన్ ముఖంలోకి నవ్వు వచ్చింది. మూడోసారికి నలుగురి చేతులూ తమ తమ వాద్యాల మీద సిద్ధంగా ఉన్నాయి, ఆ చివరి దెబ్బ అందరూ కలిసి వేశారు. సభ ఆ దెబ్బకు లేచింది. మీ హెడ్‌ఫోన్లలో ఆ దెబ్బ ఉంటుంది, నాకు వినపడినదాని కంటే స్పష్టంగానే ఉంటుంది. దానికి ముందు, ఆ ముఖాల మీద ఒకరి తర్వాత ఒకరికి వెలిగిన గుర్తింపు ఉండదు. నేను ఏళ్ల తరబడి రికార్డులో విని 'ఇంత గొప్పగా ఎలా కలుస్తారు, ఎన్నిసార్లు సాధన చేసి ఉంటారు' అనుకున్న చోట్లలో కొన్ని, సాధన చేసి కుదుర్చుకున్నవి కావనీ, అప్పటికప్పుడు విని అందుకున్నవనీ ఆ రాత్రి గ్రహించాను.

శ్రీనివాస్ గురించి విడిగా చెప్పకపోతే నాకు మనసొప్పదు. 1969లో పాలకొల్లులో పుట్టి, రుద్రరాజు సుబ్బరాజు గారి దగ్గర నేర్చుకున్నారు. గురువుగారికి మాండలిన్ రాదు, ఆయన పాడితే ఈ పిల్లవాడు విని తీగల మీద పలికించేవాడు. నా అభిప్రాయంలో శ్రీనివాస్ సంగీతం మొత్తానికీ మూలం అక్కడే ఉంది: వేళ్లు చూసి నేర్చుకున్నది కాదు, విని నేర్చుకున్నది. జంట తీగల మామూలు మాండలిన్ మీద నాదం నిలవదు కనుక గమకం కుదరదు. ఒంటి తీగలు బిగించి, విద్యుత్తుతో నాదానికి నిడివి తెచ్చి, ఆయన దాన్ని కర్ణాటక సంగీతానికి ఒదిగేలా చేసుకున్నారు. 1980లలో ఆయన క్యాసెట్లు మనవైపు వినబడని ఇల్లు తక్కువ. అలాంటి మనిషి ముంబై వేదిక మీద తన వంతు లేనప్పుడు ఎలా కూర్చున్నారో నాకు బాగా గుర్తు. మాండలిన్‌ను ఒళ్లో కదలకుండా పట్టుకుని, ఎవరు వాయిస్తుంటే వారి వైపు తిరిగి, పసిపిల్లవాడిలా నవ్వుతూ వింటారు. ఎదుటివారు ఒక మంచి సంగతి, అంటే స్వరాల మలుపు, వేసినప్పుడు ఆ నవ్వు పెద్దదవుతుంది. తన వంతు రాగానే మొదట ఆ సంగతినే అందుకుని, దాన్ని ఇంకో మెట్టు పైకి తీసుకెళ్లి ఇస్తారు.

ఆ కచేరీల్లోనే త్యాగరాజస్వామి బంగాళ రాగ కృతి 'గిరిరాజసుతా తనయ' ఆధారంగా చేసిన అంశం శంకర్ మహదేవన్ పాడారు. ముంబైలో, పలు భాషలవాళ్లు నిండిన సభలో, ఒక ఇంగ్లీషువాడి గిటారు పక్కన, మన త్యాగయ్య మాట వినిపించేసరికి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. పక్క సీటాయనకు ఆ సాహిత్యం తెలియదు. నేను పెదవి కదుపుతూ పాడుకుంటుంటే నా వైపు చూసి తానూ తాళం వేయడం మొదలుపెట్టాడు. 2001లో ఆ ముంబై కచేరీల నుంచి 'సాటర్డే నైట్ ఇన్ బాంబే' అనే డిస్కు వచ్చింది. నాలుగే అంశాలున్న ఆ డిస్కులో ఇదీ ఒకటి. దాన్ని నేను ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. 2014 సెప్టెంబరు 19న శ్రీనివాస్ చెన్నైలో, 45 ఏళ్లకే వెళ్లిపోయారు. ఆ తర్వాత చాలా నెలలు ఆ డిస్కు పెట్టలేకపోయాను.

బెంగళూరు సంగతి వేరు. బృందానికి యాభై ఏళ్లని చెప్పి 2023 జనవరిలో భారతదేశంలో కొన్ని నగరాల్లో వాయించారు. మెక్‌లాఫ్లిన్‌కు ఆ నెలలోనే 81 నిండాయి. మాండలిన్ లేదు, ఆ చోట గణేశ్ రాజగోపాలన్ వయొలిన్ ఉంది. నేను చాలా వెనక కూర్చోవలసి వచ్చింది, అంత దూరం నుంచి మనుషులు వేలెడంత కనబడుతున్నారు, పక్కన పెద్ద తెరలు పెట్టారు. తెర మీద వేళ్లు ఎంతో బాగా కనబడ్డాయి, ముంబైలో నాకు దక్కని గిటారు చెయ్యి కూడా తనివితీరా చూశాను. అయితే తెరకు ఒక స్వభావం ఉంది: ఎవరు వాయిస్తుంటే వారినే చూపిస్తుంది. ముంబై నాకు నేర్పిన పాఠం వల్ల నేను మాటిమాటికీ తెర వదిలేసి, దూరమైనా సరే వేదికవైపే, వాయించని వాళ్లవైపే చూస్తూ కూర్చున్నాను. రెండు నిమిషాలు ఫోనులో పట్టుకున్నాను కూడా. ఇంటికొచ్చి చూస్తే అందులో ఉన్నది తెర మీది వేళ్లే, నేను చూసినది ఒక్కటీ లేదు. ఆ ముక్క ఎవరికీ చూపించలేదు.

నేను చూసినదేమిటంటే, ముంబైలో జాకిర్ భుజాన్ని కళ్లప్పగించి చూసిన ఆ కంజీర కుర్రవాడు, ఇరవై రెండేళ్ల తర్వాత ఆయనను దాదాపు చూడటమే లేదు. చూడవలసిన అవసరం లేకపోయింది. జాకిర్ ఒక సొల్లు సగంలో ఉండగానే మిగతా సగం కంజీర మీదో ఘటం మీదో వచ్చేస్తోంది. ఎక్కడో ఒకచోట, ఇద్దరూ ఊహించని విధంగా ఒకే ఖాళీ విడిచినప్పుడు మాత్రం ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని పకపకా నవ్వారు. మెక్‌లాఫ్లిన్, సెల్వగణేశ్ కొన్నక్కోల్ మీద, అంటే నోటితో జతులు చెప్పే విద్య మీద, 2007లో బోధన కోసం ఒక డీవీడీ కూడా చేశారు కాబట్టి వాళ్లిద్దరికీ ఈ లెక్కలన్నీ నోటి మీద ఉన్నవే. అయినా 81 ఏళ్ల మనిషి తనకంటే ఎంతో చిన్నవాడు వేస్తున్న లెక్కను వేళ్ల మీద పట్టుకుంటూ, సమం మీద తల ఊపుతూ విద్యార్థిలా వింటుంటే, ఆయన 1975లో ఎందుకు నేల మీద కూర్చున్నాడో నాకు అర్థమైంది. 2023లోనే విడుదలైన వాళ్ల స్టూడియో ఆల్బమ్ 'దిస్ మొమెంట్' 2024 ఫిబ్రవరిలో గ్రామీ గెలుచుకుంది. దాని మొదటి అంశం శ్రీనివాస్ స్మృతిలో చేసిన 'శ్రీనీస్ డ్రీమ్'.

ఇక మీ రెండో ప్రశ్న. శక్తిని ఇక చూడలేకపోవచ్చు గానీ, సెల్వగణేశ్, శంకర్ మహదేవన్ కచేరీలు చేస్తూనే ఉన్నారు, గణేశ్ రాజగోపాలన్ వాయిస్తూనే ఉన్నారు. వాళ్లే కానవసరం లేదు. ఒకరి వాద్యాన్ని మరొకరు విని అందుకునే సంగీతం ఏదైనా సరే వెళ్లండి. వెళ్లేటప్పుడు సీటు విషయంలో నా మాట వినండి: మరీ ముందు వరసకు ఆశపడకండి, అక్కడ ఒక్క మనిషే కనబడతాడు, స్పీకరు పక్కనా వద్దు, నేను ముంబైలో రెండు రోజులు చెవి పట్టుకుని తిరిగాను. అందరి ముఖాలూ ఒక్క చూపులో ఇమిడేంత దూరంలో, కాస్త పక్కకు కూర్చోండి. చేత్తో తాళం వేయండి, తప్పినా ఫరవాలేదు, తప్పిన చోటే చెవి మేలుకుంటుంది. కర్ణాటక కచేరీ అయితే తని ఆవర్తనం, అంటే లయవాద్యాలు మాత్రమే వాయించే భాగం, మొదలవగానే కాఫీకి లేచిపోయేవాళ్లతో దయచేసి మీరు లేవకండి. నాకు దాని మీద కోపమే ఉంది. గంటన్నర సేపు గాయకుణ్ని అనుసరించిన మృదంగం, ఘటం ఒకదానితో ఒకటి మాట్లాడుకునే సమయం అదొక్కటే, ఆ సమయంలో గాయకుడు తాళం వేస్తూ ఎలా వింటున్నాడో చూడటం కూడా అప్పుడే కుదురుతుంది.

అంతవరకు ఇంట్లో చేయదగినది ఒకటుంది. 'గిరిరాజ్ సుధ' అన్న పేరుతో ఆ త్యాగరాజ కృతి 2001 డిస్కులోనూ ఉంది, 2023 ఆల్బమ్‌లోనూ ఉంది. రెండూ ఒకదాని వెంట ఒకటి వినండి. మొదటిసారి పాటను, రెండోసారి మాండలిన్ ఉన్న చోట ఇప్పుడు ఏముందో, మూడోసారి ఏ క్షణంలో ఎవరు మౌనంగా ఉన్నారో వినండి. 2001 దానిలో శంకర్ మహదేవన్ పాడుతుండగా మాండలిన్ ఆగిపోయే చోట్లు కొన్ని వస్తాయి. అక్కడ మీకు ఏమీ వినపడదు. శ్రీనివాస్ అప్పుడు పాడుతున్న మనిషి వైపు తిరిగి నవ్వుతున్నారు.